ఆదివారం కాలేజీ

"ఎనిమిదిల బంద్ చేసిన సార్. నన్ను డిగ్రీ సదువనిస్తరా?"

కౌంటరు అవతలి గుమస్తా తలెత్తి చూశాడు. ముప్పై దాటిన మనిషి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన పేపరు ప్రకటన. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టు కళ్లే చెబుతున్నాయి.

"ఎక్కడ పనిచేస్తారమ్మా?"

"పంజాగుట్ట బొక్కల దవాఖానల. ఆయాను."

"వయసు నిండింది కదా, చాలు. సర్టిఫికెట్లేమీ లేకపోయినా ప్రవేశ పరీక్ష ఒకటి రాయొచ్చు. అందులో పాసైతే బీఏలో చేర్చుకుంటారు."

"పది లేకుండనే?"

"లేకుండానే."

"పరీక్ష తెలుగులనే ఉంటదా సార్?"

"తెలుగులోనే. పుస్తకాలూ తెలుగులోనే. క్లాసులు మాత్రం ఆదివారం."

ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఇంటిపని తెమిలేది ఆ ఒక్క దినమే సార్" అంది చివరికి. అయినా ఫారం తీసుకుంది.

ఇందులో పేర్లతో కనిపించే మనుషులు, సంస్థలు, తేదీలు చరిత్రలో ఉన్నవే. ఈ ఆయా, ఈ గుమస్తా మాత్రం ఫలానా ఇద్దరు కారు. 1980లలో సోమాజిగూడ 6-3-645 అనే చిరునామాకు ఉత్తరాలు రాసిన, వెతుక్కుంటూ వచ్చిన అనేకమంది తరఫున వాళ్లను నిలబెట్టాను. మాటలు నేను కూర్చినవి. ఆ మాటల్లోని నిబంధనలు మాత్రం ఆ సంస్థవే. పంజాగుట్ట చౌరస్తాకు కూతవేటు దూరంలో ఉన్న ఆ సంస్థ పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. జనం నోట్లో ఓపెన్ యూనివర్సిటీ. దేశంలో అలాంటిది అదే మొదటిది.

అమెరికాలో రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలుంటాయి. 1901లో జోలియెట్ పట్టణంలో మొదలైన ఆ పద్ధతికి ప్రాణం ఒక్కటే. మార్కులు చూసి వడపోయరు, వచ్చినవాడిని వచ్చినట్టు చేర్చుకుంటారు. పగలు పని, సాయంత్రం చదువు. మన దగ్గర ఆ పనికి పూనుకున్నది ఈ ఆదివారం కాలేజీయే.

ఇది ఎలా పుట్టిందో తెలియాలంటే 1982 ఎండాకాలానికి వెళ్లాలి. అంతకు ముందు ఏడాది జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చదవను రాయను వచ్చినవాళ్లు వందకు సుమారు ముప్పై మంది. బడికి వెళ్లినవాళ్లలోనూ సగంలో ఆగిపోయినవాళ్లు ఊరూరా ఉన్నారు. రాజకీయాలు చూస్తే కుర్చీలు కుదురుగా లేని కాలం. ఫిబ్రవరి 24న అంజయ్య దిగిపోయి భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రి అయ్యారు. మార్చి 29న ఎన్టీఆర్ కొత్త పార్టీ ప్రకటించారు. జనం ఆయన ప్రచార వాహనం చైతన్యరథం వెంట పరిగెడుతున్నారు. పాలకపక్షానికి రేపటి సంగతే తెలియని ఆ రోజుల్లో ఒక విశ్వవిద్యాలయం గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

భవనం వెంకట్రామ్‌కు ఉంది. ముఖ్యమంత్రి కాకముందు ఆయన విద్యాశాఖ చూసిన మంత్రి. కాలేజీ గడప తొక్కలేనివాళ్లకు చదువు అందించే దారి బ్రిటన్‌లో కనిపిస్తోంది. హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వంలో జెన్నీ లీ అనే మంత్రి పట్టుబట్టి నిలబెట్టిన ఓపెన్ యూనివర్సిటీకి 1969లో రాయల్ చార్టర్ వచ్చింది, 1971 జనవరిలో పాఠాలు మొదలయ్యాయి. ఢిల్లీ కూడా ఆ దారి చూడకపోలేదు. 1974లో జి. పార్థసారథి అధ్యక్షతన వేసిన కమిటీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఒకటి ఉండాలని సిఫారసు చేసింది. ఆ కాగితం బీరువాలోనే ఉండిపోయింది. ఢిల్లీ చేయని పని హైదరాబాద్ చేసింది. 1982 ఆగస్టు 26న విశ్వవిద్యాలయం పుట్టింది.

అక్కడికి సరిగ్గా 25 రోజులకు, సెప్టెంబర్ 20న, భవనం వెంకట్రామ్ పదవి పోయింది. ఏడు నెలలు నిండని పాలన అది. ఆయన పేరు ఇవాళ పోటీ పరీక్షల బిట్లలో తప్ప పెద్దగా వినపడదు. ఆ ఏడు నెలల్లో ఆయన నాటిన ఈ ఒక్క సంస్థ చాలు, తెలుగువాళ్లు ఆయన్ను గౌరవంగా తలుచుకోవడానికి.

మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి. రాజనీతిశాస్త్రం, ప్రభుత్వ పాలనాశాస్త్రం చెప్పిన ఆచార్యుడు, పంచాయతీరాజ్‌పై లోతైన పరిశోధన చేసినవాడు. 1977 నుంచి ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్. అంటే ఆర్ట్స్ కాలేజీ రాతి మెట్లు, వందల ఎకరాల క్యాంపస్, అరవై ఏళ్ల పేరు ప్రతిష్ఠ. అక్కడి నుంచి గంట కొట్టే బడి, క్లాసు గది, హాస్టలు ఏమీ లేని సంస్థకు వచ్చారు. విద్యార్థులు ఎవరో, ఎక్కడున్నారో కూడా ఇంకా తెలియదు.

ఉన్న సాధనాలు మూడే. పోస్టాఫీసు, రేడియో, ఆదివారం.

ఆదివారం ప్రభుత్వ కాలేజీలు ఖాళీగా ఉంటాయి. ఆ గదుల్నే అధ్యయన కేంద్రాలుగా మార్చారు. ఆ కాలేజీ లెక్చరర్లే కౌన్సెలర్లు. సోమవారం పదిహేడేళ్ల పిల్లలు కూర్చునే బెంచీలో ఆదివారం కండక్టరు, కానిస్టేబుల్, అంగన్‌వాడీ టీచరు, బట్టల దుకాణంలో గుమస్తా కూర్చుంటారు. ఇటుక మీద ఇటుక పేర్చకుండానే జిల్లాల్లో కాలేజీలు వెలిశాయి. డబ్బు లేని ప్రభుత్వానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు దొరకదని నా నమ్మకం.

అసలు కష్టం పుస్తకాల దగ్గర వచ్చింది. మామూలు కాలేజీలో పుస్తకం బాగాలేకపోతే మాస్టారు ఉంటారు. ఇక్కడ పుస్తకమే మాస్టారు. ఆ పుస్తకం వరంగల్ జిల్లాలో ఒక తండాలో, రాత్రి తొమ్మిదింటికి, పొలం నుంచి వచ్చిన మనిషి ఒళ్లో తెరుచుకుంటుంది. అప్పుడు పక్కన ఎవరూ ఉండరు.

ఒక సమావేశాన్ని ఊహించండి. బల్ల చుట్టూ ఆచార్యులు. ఆర్థికశాస్త్రం ఆయన రాసుకొచ్చిన పాఠం ఎడిటర్ చేతిలో ఉంది.

"అయ్యా, ఇక్కడ ‘ద్రవ్యోల్బణం’ అని వేశారు. ఆ మాటకు అర్థం నాలుగు పేజీల తర్వాత వస్తోంది."

"డిగ్రీ విద్యార్థికి ఆ మాత్రం తెలియదా?"

"ఈ విద్యార్థి ఎనిమిదితో ఆపేసి ఇరవై ఏళ్లయ్యిందండీ. బియ్యం ధర పెరగడం మాత్రం మనకన్నా అతనికే బాగా తెలుసు. అక్కడి నుంచి మొదలుపెడదాం."

ఇలాంటి బేరసారాలు జరగకుండా ఆ పుస్తకాలు ఆ రూపంలో వచ్చి ఉండవు. తెరిచి చూడండి, పాఠం మొదట్లోనే ‘లక్ష్యాలు’ కనిపిస్తాయి. ఇది చదివాక నువ్వేం చెప్పగలగాలో అక్కడే ఉంటుంది. మధ్యలో ఆగి నీకెంత అర్థమైందో నువ్వే చూసుకునే ప్రశ్నలు. చివర సారాంశం, నమూనా పరీక్ష ప్రశ్నలు. ఒకరు రాస్తే మరొకరు దిద్దడం, భాష చూసేవారు వేరే ఉండడం, ఇదంతా ఒక పద్ధతి ప్రకారం సాగింది. తెలుగులో డిగ్రీ స్థాయి పుస్తకాలు అంతకు ముందు లేవని కాదు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ ఆ పని చేస్తూనే ఉంది. ఒంటరిగా కూర్చుని చదువుకునే మనిషిని ఎదురుగా పెట్టుకుని రాయడం మాత్రం కొత్త సంగతి.

ఆ పుస్తకాలు చేరినవాళ్ల దగ్గరే ఆగలేదు. గ్రూప్-1, గ్రూప్-2లకు తయారయ్యేవాళ్లు ఇవాళ్టికీ అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీ బల్లల మీద ‘ఓపెన్ యూనివర్సిటీ పుస్తకం’ అని ప్రత్యేకంగా అడిగి తెచ్చుకుంటారు. ప్రభుత్వ పాలనాశాస్త్రం, చరిత్ర, ఆర్థికశాస్త్రం ఎక్కువగా. యూనివర్సిటీలో ఒక్క రోజూ పేరు నమోదు చేసుకోని తహసీల్దార్లు, డీఎస్పీలు ఎందరో ఆ పాఠాలకు రుణపడి ఉన్నారు. ఈ సేవ ఏ వార్షిక నివేదిక లెక్కల్లోకీ రాదు.

మళ్లీ మన ఆయా దగ్గరికి వద్దాం. ప్రవేశ పరీక్ష పాసయింది. పోస్టులో పుస్తకాల కట్ట వచ్చింది. మొదటి ఆదివారం వెళ్లింది, రెండో ఆదివారం వెళ్లింది. మూడో ఆదివారం ఇంట్లో పిల్లవాడికి జ్వరం. నాలుగో ఆదివారం డ్యూటీ మార్చుకున్న తోటి ఆయా రాలేదు. అయిదో ఆదివారం వెళ్దామనుకుంది. పాఠాలు ఎక్కడిదాకా పోయాయో తెలియదు, అడగడానికి సిగ్గు. అట్ట ఇంకా కొత్తగానే ఉన్న పుస్తకాలు అటక మీదికి వెళ్లాయి.

ఓపెన్ యూనివర్సిటీల చరిత్ర మొత్తంలో పెద్ద గాయం ఇదే. ప్రపంచంలో ఎక్కడ చూసినా చేరినవాళ్లకూ పూర్తి చేసినవాళ్లకూ మధ్య తేడా ఎక్కువ. గేటు తెరవడం ఒక ఎత్తు. లోపలికి వచ్చినవాడి పక్కన మూడేళ్లపాటు నడవడం పది ఎత్తులు. మామూలు కాలేజీలో పిల్లవాడు నాలుగు రోజులు రాకపోతే తోటివాడు ఇంటికొచ్చి పిలుస్తాడు. ఇక్కడ ఆగిపోయిన సంగతి ఆగిపోయినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఏ సెమినార్‌లో ఎవరు ఏ కారణాలు చెప్పినా, మనుషులు చదువు మానేది పాఠం అర్థంకాక కంటే అడిగేవాళ్లు లేకే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

అయినా వచ్చేవాళ్లు ఆగలేదు. ఆకాశవాణిలో పాఠాలు వచ్చేవి. ప్రాక్టికల్స్ కావాల్సిన సైన్సు విద్యార్థులు సెలవుల్లో కాలేజీ ల్యాబుల్లో పని చేసేవారు. మూడేళ్లు గడిచేసరికి ఢిల్లీ తన బీరువా తెరిచింది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) పెట్టి, దాన్ని నిలబెట్టడానికి ఎవరిని తీసుకెళ్లింది? రామ్‌రెడ్డినే. పుట్టిన మూడేళ్లకే పెద్దదిక్కును ఢిల్లీకి అప్పగించడం ఒక చిన్న సంస్థకు మామూలు దెబ్బ కాదు. కానీ ఇక్కడ నేర్చిన పద్ధతులే దేశమంతా పాకాయి. 1987లో రాజస్థాన్‌లోని కోటలో, బిహార్‌లో నలంద పేరుతో, 1989లో నాసిక్‌లో ఓపెన్ యూనివర్సిటీలు వచ్చాయి.

1980ల రెండో సగంలో ఇక్కడ వైస్ ఛాన్సలర్ కుర్చీలో కూర్చున్నది సి. నారాయణరెడ్డి. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్న సినారె. సినిమా పాటల ద్వారా ప్రతి పల్లెకూ తెలిసిన పేరు ఒక కొత్త విశ్వవిద్యాలయానికి ఎంత ఆసరా అయి ఉంటుందో చెప్పనక్కర్లేదు. 1991లో, అంబేడ్కర్ శతజయంతి సంవత్సరంలో, దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. బడిలో తోటి పిల్లలకు దూరంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చుని చదివినవాడి పేరు ఈ కాలేజీకి సరిగ్గా సరిపోయింది.

రామ్‌రెడ్డి ఆ తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షుడయ్యారు. 1995లో పోయారు. ఇప్పుడు యూనివర్సిటీ ఉన్నది జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 46లో, దుర్గం చెరువుకు దగ్గర. ఆ దారికి ఆయన పేరే పెట్టారు. ఉస్మానియాలో దూరవిద్య కేంద్రానికీ ఆయన పేరే.

సోమాజిగూడ నుంచి జూబ్లీహిల్స్‌కు మారడంతో సొంత క్యాంపస్ దక్కింది. ఆ కాలంలోనే చుట్టూ ఊరు మారిపోయింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకుంది. సోమాజిగూడ, పంజాగుట్ట దాటి అటు రెండడుగులు వేస్తే అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్, వాటి వెనక సందుల్లో అంతస్తుకు నాలుగు చొప్పున కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు. మొదట మెయిన్‌ఫ్రేమ్, కోబాల్. తర్వాత ఒరాకిల్, జావా, డాట్‌నెట్, శాప్. స్తంభాల మీద ఒకదానిపై ఒకటి అతికిన డెమో క్లాసు పోస్టర్లు. ఎస్సార్ నగర్, బల్కంపేట దాకా హాస్టళ్లు. ఇక్కడా మార్కులు అడగరు. ఫీజు కట్టినవాడికల్లా కుర్చీ ఉంటుంది.

అమీర్‌పేటను తేలిగ్గా మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి బస్సెక్కి వచ్చి, ముగ్గురితో ఒక గది పంచుకుని, ఇంగ్లిష్ భయంతో వణుకుతూనే కోడ్ నేర్చుకున్న పిల్లలు ప్రపంచమంతా ఉద్యోగాలు చేస్తున్నారు. ప్రభుత్వం రూపాయి పెట్టకుండా పెరిగిన చదువుల బజారు అది. అయితే రెండింటికీ తేడా ఉంది. అమీర్‌పేట నేర్పేది మార్కెట్ ఈ ఏడాది అడిగే పని. ఓపెన్ యూనివర్సిటీ ఆదివారం క్లాసు ఆ ఆయా లాంటివాళ్లకు రాజ్యాంగం చెప్పింది, చరిత్ర చెప్పింది, తమ జీతం ఎందుకు చాలడం లేదో చెప్పే ఆర్థికశాస్త్రం చెప్పింది. పక్కపక్కనే పెరిగిన ఈ రెండు చదువులనూ కలిపే వంతెన మనం కట్టలేకపోయాం. డిప్లొమా స్థాయిలో, రెండేళ్లలో, పనీ పాఠమూ కలిపి నేర్పే తెలుగు కాలేజీ ఒకటి ఈ రెండింటి మధ్య ఎప్పుడో రావాల్సింది.

ఇక కష్టాలు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలు మండల కేంద్రాలకు వచ్చేశాయి. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పేద పిల్లలకు రెగ్యులర్ సీట్లు అందాయి. అది మంచిదే. మిగతా విశ్వవిద్యాలయాలూ తమ దూరవిద్య కేంద్రాలతో అదే విద్యార్థి కోసం పోటీకి వచ్చాయి.

నిబంధనలు బిగుసుకున్నాయి. తమిళనాడు నుంచి వెళ్లిన ఒక కేసులో 2009లో సుప్రీంకోర్టు, మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా తెచ్చుకున్న పీజీ చెల్లదని, 1985 నాటి యూజీసీ నిబంధనలు ఓపెన్ యూనివర్సిటీలకూ వర్తిస్తాయని తేల్చింది. దూరవిద్య అజమాయిషీ 2013లో ఇగ్నో చేతి నుంచి యూజీసీ చేతికి వెళ్లింది. దొంగ సర్టిఫికెట్ల దుకాణాలను అరికట్టడానికి కట్టుదిట్టం కావాల్సిందే. కానీ ఏ సర్టిఫికెట్టూ లేనివాడికి ఒక తలుపు అన్న మొదటి ఆలోచనకు మాత్రం ఊపిరాడని కాలం వచ్చింది.

మరీ నొప్పి కలిగించేది ఉద్యోగ ప్రకటనల్లోని ఒక్క మాట. ‘ఫుల్‌టైమ్ డిగ్రీ మాత్రమే.’ గుర్తింపు ఉన్న ఓపెన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. అయినా చాలా ఐటీ కంపెనీల షరతుల్లో ఆ మాట అలాగే ఉంది. ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉండి, రాత్రి డెలివరీ బండి నడిపి, పొద్దున జావా నేర్చుకుని, ఆదివారం డిగ్రీ చదివే కుర్రాడు ఫారం నింపుతూ సరిగ్గా ఆ గడి దగ్గర ఆగిపోతాడు. మిగతావాళ్ల కంటే రెట్టింపు కష్టపడ్డాడు. ఆ కష్టమే అతనికి అనర్హత అవుతోంది. ఇది అన్యాయం. ఆ గడి తీసేయమని కంపెనీలను అడగాల్సిన బాధ్యత రెండు ప్రభుత్వాలదీ.

రెండు ప్రభుత్వాలు అన్నాను కదా. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఈ విశ్వవిద్యాలయం విభజన చట్టం పదో షెడ్యూలులో చేరింది. జూబ్లీహిల్స్ ఆఫీసు ఒక రాష్ట్రంలో పడింది, అప్పటి దాని అధ్యయన కేంద్రాలు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. ఆస్తులు, ఖర్చులు, సిబ్బంది అన్నవి అధికారులు ఫైళ్ల మీద తేల్చుకునే లెక్కలు. విజయవాడలోనో కర్నూలులోనో సగం డిగ్రీ అయిన మనిషికి కావాల్సింది తన మార్కుల మెమో, తర్వాతి పరీక్ష తేదీ. ఆ రెండింటికీ ఏ సరిహద్దూ అడ్డు రాకూడదు.

జైళ్ల సంగతి చెప్పకుండా ముగించలేను. చర్లపల్లి లాంటి కేంద్ర కారాగారాల్లో ఈ విశ్వవిద్యాలయానికి అధ్యయన కేంద్రాలున్నాయి. జీవిత ఖైదు పడినవాళ్లు అక్కడ డిగ్రీలు పూర్తి చేశారు, స్నాతకోత్సవాల్లో బంగారు పతకాలు అందుకున్నారు. బయట ఉన్నవాళ్లు మధ్యలో మానేస్తే లోపల ఉన్నవాళ్లు ఎలా పూర్తి చేస్తున్నారు? తీరిక ఉండటం ఒక కారణం. రెండో కారణం, వాళ్ల చదువు గురించి రోజూ అడిగేవాళ్లు ఉండటం. గ్రూపుగా కూర్చుని చదువుతారు, చదివినవాడు చదవనివాడికి చెబుతాడు, పరీక్ష దగ్గరపడుతుంటే గుర్తుచేసే మనిషి ఉంటాడు.

బయటి అధ్యయన కేంద్రాలకు ఆ ఒక్కటీ ఇస్తే చాలా మారుతుంది. మెట్రోలో అమీర్‌పేటలో ఎక్కితే దుర్గం చెరువు స్టేషన్ ఎంతో దూరం కాదు. చేతిలో ఫోన్ లేని విద్యార్థి లేడు. వీడియో పాఠాలు వచ్చాయి, ఇంకా వస్తాయి. వాటితోపాటు ప్రతి కేంద్రంలో జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టాలి. పాఠం చెప్పక్కర్లేదు. రెండు ఆదివారాలు రానివాళ్ల జాబితా ముందు పెట్టుకుని, సోమవారం సాయంత్రం డ్యూటీలు దిగే వేళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "ఏమ్మా, రాలేదేం? పిల్లవాడికి ఎలా ఉంది? పాఠం మూడో యూనిట్ దాకా వచ్చింది, ఈ వారం వస్తే అందుకోవచ్చు" అని చెప్పాలి. ఈ ఒక్క ఉద్యోగానికి అయ్యే ఖర్చును వచ్చే బడ్జెట్‌లో రాయమని విశ్వవిద్యాలయాన్ని, రెండు ప్రభుత్వాల విద్యాశాఖలను అడుగుతున్నాను.